బొడ్డు కోసిన ఆవిడ పేరు

భవానీపురంలో మా ఫ్లాటు కింద ఎవరో పూలకుండీల కోసం పొలం మట్టి తెప్పించి పోయించారు. పొద్దుటి వానకు ఆ గుట్ట తడిసి బురద వాసన బాల్కనీ దాకా వచ్చింది. పురాణాల్లో స్త్రీల గురించి కాలేజీలో చెప్పాల్సిన పాఠానికి కాయితాలు సర్దుకుంటున్నదాన్ని అలాగే కూర్చుండిపోయాను. చల్లపల్లి దగ్గర మా ఊళ్లో, ఊడ్పుల రోజుల్లో మా మామ్మ చీర కుచ్చిళ్లలోంచి వచ్చే వాసన అది.

మామ్మ, అంటే నాన్నకు అమ్మ, మా పేట ఆడవాళ్లు వరి నాటే వరసలో ముందు పాట ఎత్తే మనిషి. నేను చద్దన్నం, గోంగూర పచ్చడి ఉన్న క్యారేజీ పట్టుకుని బడి లేని రోజుల్లో పొలానికి వెళ్లేదాన్ని. ముసురులో యూరియా సంచులు తలమీదికి మడిచి కప్పుకుని, మోకాళ్ల దాకా బురదలో వంగి వెనక్కి జరుగుతూ నాటుతుంటే, ఒక్కొక్క నారుకట్టా విప్పి అందిస్తూ నేనూ వంత పాడేదాన్ని. మేమంతా క్రైస్తవులమే. పాట మాత్రం అడవిలో సీతమ్మ పురుడు. నిప్పు రాజేసిందెవరు, నీళ్లు కాచిందెవరు, పొత్తిగుడ్డ పరిచిందెవరు అని మామ్మ అడుగుతూ పోతుంటే, మేమందరం "ఎవరున్నారమ్మా, ఎవరున్నారు" అనాలి. చివర బొడ్డు కోసిందెవరన్న చోట, ముందు పాడే మనిషి తన బిడ్డలకు బొడ్డు కోసిన ఆవిడ పేరు పెట్టి పాడటం మా పేట ఆనవాయితీ. అలా మా నాన్నకు బొడ్డు కోసిన ఎవరో పేదరాలు సీతమ్మ పక్కకు చేరిపోయేది. ఆ పేరు ఏటా విన్నదాన్నే; వంత అందుకునే హడావుడిలో ఎప్పుడూ పట్టించుకోలేదు.

గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామి, మీరు ఏసయ్య వాళ్లు గదా, మా సీతమ్మతో మీకేం పని అని వేళాకోళమాడేవాడు. మామ్మ నవ్వి ఊరుకునేది. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారి దగ్గర మాత్రం నవ్వితే సరిపోలేదు. అన్యుల పాట మానేదాకా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం ఇవ్వనని ఆయన ఆరాధన అయ్యాక అందరి ముందూ చెప్పేశారు.

"మేం పూజ చెయ్యట్లేదండి అయ్యగారూ," అంది మామ్మ. "దిక్కులేని చోట పురుడొచ్చిన ఆడమనిషి కదండీ ఆవిడ. పశువుల పాకలో మరియమ్మ తల్లికి మాత్రం ఎవరున్నారండి?"

ఆయన మాట మార్చుకోలేదు. ఆ ఏడాది మామ్మ కూడా పాట మానలేదు. బల్ల ఇచ్చే ఆదివారాల్లో అందరూ ముందుకు వెళ్తుంటే, కొంగు తలమీదికి లాక్కుని చివరి చాప మీద కూర్చునేది. క్రిస్మస్‌కి గోడలకు సున్నం వేసింది, వెదురు బద్దలతో నక్షత్రం కట్టించింది, అరిసెల పిండి దంచింది. పండగనాడు కూడా రొట్టె దొరకని మనిషి ఇంటికొచ్చి, ఒక్క అరిసె ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడే వెళ్లి అయ్యగారికి మాట ఇచ్చేసింది.

తరవాతి ఊడ్పుల్లో అందరూ మామ్మ వైపు చూశారు. ఆమె తల వంచుకుని నాటుతూనే ఉంది. ముందు పాడే మనిషి వరసలో ఉండగా ఇంకొకరు ఎత్తుకోకూడదు. మామ్మ నాట్లు మానలేదు, ఆ తరవాత ఎన్నో ఏళ్లు నాటింది. అన్నేళ్లూ ఎవరూ పాడలేదు. ఆమె పోయేనాటికి వరసలే చెదిరాయి, ఇప్పుడు మిషన్లు నాటుతున్నాయి. ఆసామి మీదా అయ్యగారి మీదా నాకు ఈనాటికీ కోపమే. సీతమ్మ మాది కాదని ఒకరన్నారు, మాది కాకూడదని మరొకరన్నారు, మధ్యలో ఆ పేరు పోయింది. మామ్మ ఉండగా అడగాలని నాకూ తోచలేదు. నాన్నను అడిగితే, అవన్నీ మగవాళ్లకు ఎవరు చెప్తారని నవ్వాడు. ఏ పుస్తకంలో వెతకను?

ఆ బురద వాసన తగిలిన వారమే, ఆదివారం నాడు ఊరెళ్లి, మామ్మ వరసలో మిగిలిన ఇద్దరు ముసలమ్మలను చర్చి అరుగు మీద కూర్చోబెట్టి ఆ పాట అడిగాను. పళ్లు లేని నోళ్లతో, తలలూపుతూ పాడారు. పేరు రావలసిన చోట ఆగి నా ముఖంలోకి చూశారు.

"అది మీ మామ్మ అనాల్సిన మాటమ్మా," అంది పెద్దావిడ. "మాకు వంత వరకే వచ్చు."

మళ్లీ మొదలుపెట్టారు. నేనూ కలిశాను. ముగ్గురమూ వంతే పాడాం.