మూడు స్పానరు దెబ్బలు

కల్లూరులో మా చిన్నాయనది బోరు మోటార్లు బాగుచేసే షెడ్డు. బాగైన మోటారును పరీక్షకు ఎక్కించాక, స్విచ్చి వేసే ముందు దాని మీద స్పానరుతో మూడు దెబ్బలు కొట్టేవాడు. మూడోది కాస్త ఆలస్యంగా పడేది. మోగిన తీరును బట్టి లోపల ఏది వదులుగా ఉందో చెప్పేవాడు.

ఇంజనీరింగు చదివొచ్చిన నేను ఊరుకుంటానా? మోటారుకు అదురును కొలిచే సెన్సారు అంటించి, కంప్యూటర్లో దాన్ని చదివే డేటా కార్డు బిగించాను. మోటారును పరీక్షకు ఎక్కించినప్పటి నుంచి అది సెకనుకు పదిసార్లు అదురును చదివి గీత గీస్తుంది. గొప్పలు పోతూ చూపించాను.

“పదిసార్లు సూస్తాది, సరే. నడిమద్య ఏమైతాండాదో దానికెట్ల తెలుస్తాదప్పా?” అన్నాడు.

నవ్వేశాను. బేరింగు కొడుతోందని ఆయన అన్న మోటారును, గీత బాగుందని నేనే పంపించేశాను. నాలుగు రోజులకు రైతు దాన్ని ట్రాక్టరులో వెనక్కి తెచ్చాడు. బేరింగు పోయింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అప్పుడు కూర్చుని కార్డుతో వచ్చిన పుస్తకం చదివాను. ప్రతి రీడింగుకూ నా ప్రోగ్రామే కార్డును అడుగుతోంది. కంప్యూటరుకు వేరే పని తగిలితే ఆ అడగడమూ ఆలస్యమే. కార్డుకు సొంత గడియారం ఉంది. పని దానికి అప్పగిస్తే సెకనుకు పదివేల సార్లు, ఒకే ఎడంతో చదువుతుంది. అలా మార్చి ఆయన్ను పిలిచాను. కొట్టాడు. తెరమీద మూడు శిఖరాలు లేచాయి.

“ఇప్పుడు ఇనపడ్తాండాది నీ పెట్టెకు,” అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంతే.

ఫైలు సైజు చూసి, డిస్కు నిండిపోతుందని ఆ సాయంత్రమే మళ్లీ పదికి తగ్గించాను. అనుమానం వస్తే ఆయన చెవి ఎటూ ఉందనుకున్నాను.

పోయిన ఎండాకాలం చిన్నాయన చనిపోయాడు. బెంగ పట్టలేక పాత ఫైళ్లన్నీ తెరిచాను. మూడేళ్ల మోటార్లు. ప్రతిదాన్నీ ఆయన కొడుతుంటే పక్కనే ఉన్నాను. ఒక్క ఫైలులోనూ ఆ మూడూ లేవు. రెండు రీడింగుల మధ్య జారిపోయాయి. నామీద నాకే ఒళ్లు మండింది.

అవి మిగిలింది పదివేలు పెట్టిన ఆ ఒక్కరోజు ఫైలులోనే. దాన్ని పెద్దది చేసి చూస్తే రెండో శిఖరానికీ మూడోదానికీ మధ్య ఎడం ఎక్కువ. ఆ కాస్తసేపూ ఆయన చెవి ఒగ్గి విన్నాడు. దానికోసమే ఆ ఫైలు ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు.

ఇప్పుడు ప్రతి మోటారుకూ పదివేలే పెడుతున్నాను. స్విచ్చి వేసే ముందు ఒక్క శిఖరమూ లేవదు, గీత తిన్నగా పోతుంది.