గంగ తొక్కని గడప

చాండ్లర్ ఊరి నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే గౌరిగారి రాంచ్, అదే పశువుల పొలం, వస్తుంది. ఇప్పుడు అక్కడ గది కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి. నేను కంచె పనికి వెళ్లిన కొత్తలో మాత్రం రాతిగోడల ఇల్లొకటే ఉండేది, పైన రేకులు. వెనకటికి ఎవరో తెల్లాయన ప్రభుత్వం ఇచ్చిన బీడులో కట్టుకుని, నీళ్లు చాలక వదిలేసి పోయాడట.

గౌరిగారు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్‌లో నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఆవులంటే ప్రాణం. ఆవిడ భర్త అమర్‌నాథ్‌గారు ట్రక్కు నడిపేవారు. ఆ రాళ్ల కొంప మీద ఆయనకు ఆశ లేదు. చలికాలంలోపు దాని తిండి అది సంపాదించుకోకపోతే అమ్మేసి అపార్ట్‌మెంట్‌కి పోదామన్నారు. ఆవిడ సరేనంది గానీ, ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు.

చాండ్లర్‌లో మన తెలుగువాళ్లు కొత్త ఇళ్లు కొంటున్నారు. గృహప్రవేశానికి ముందుగా ఆవూ దూడా లోపలికి నడవాలి కదా. మా ఆవు గంగని తీసుకొస్తానని గౌరిగారు గుడిలో చెప్పి వచ్చింది. జయంతిగారు అనే ఆవిడ తన గృహప్రవేశానికి పిలిచింది.

గంగకి నీళ్లు పోసి, పసుపు రాసి, దూడతో సహా ట్రైలర్ బండి ఎక్కించాం. గుమ్మం దాకా బాగానే వచ్చింది. లోపల టైల్స్ అద్దంలా మెరుస్తున్నాయి. ఒక కాలు పెట్టింది, జర్రున జారింది, వెనక్కి తీసుకుంది. ఇక కదల్లేదు. నేను వెనక నుంచి తోశాను. బెల్లం చూపిస్తే బెల్లం తిని, తోరణంలో బంతిపూలు కూడా తినేసింది. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని గొణుగుతున్నారు.

"తోలుకుపోదాం పద గౌరీ. ఇది చూశాక ఇంకెవరు పిలుస్తారు మనల్ని?" అన్నారు అమర్‌నాథ్‌గారు.

ఆవిడ గంగ మెడ మీద చెయ్యేసి నిమిరింది.

"మట్టి మీద పెరిగిన పిల్లండీ ఇది, భయపడింది. బలవంతపెట్టను. ఒక గిన్నె ఇవ్వమ్మా జయంతీ. దాని కాళ్లు రాకపోతేనేం, పాలు లోపలికి వస్తాయి."

దూడని వదిలి, కార్లు పెట్టే చోటే కూర్చుని పాలు పితికింది. పంతులుగారు కాస్త ఆలోచించి, గడప దగ్గరే గోపూజ చేయించారు. ఆ పాలే కొత్త పొయ్యి మీద పొంగాయి. డబ్బా పాలు తప్ప చూడని పిల్లలు గంగ చుట్టూ చేరి ఇంక వదల్లేదు. వచ్చే శనివారం మీ రాంచ్‌కి రావచ్చా అని జయంతిగారే అడిగింది.

శనివారం జయంతిగారివాళ్లు మూడు కార్లలో వచ్చారు. రాత్రి పెద్దవాళ్లు రాతింట్లో, పిల్లలు బయట మంచాల మీద పడుకున్నారు. పొద్దున్నే వాళ్లు గంగకి గడ్డి వేస్తుంటే అమర్‌నాథ్‌గారు కాఫీ పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి నా దగ్గరకొచ్చారు.

"ఇంకో గది లేపాలంటే ఈ చుట్టుపక్కల రాళ్లు సరిపోతాయంటావా?"

లోపల గౌరిగారు రెండోసారి ఉప్మా పెట్టించుకుంటోంది.