మట్టి వినని మాట

వేసవిలో ఓడ దిగిన పరదేశులందరూ శ్మశానం పక్కనున్న తెల్లగది ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. నీలం తలుపు ముచ్చటగా ఉంటుంది మరి. లోపల పెట్టెల నిండా మా పెద్దల ఎముకలున్నాయని వాళ్లకెవరూ చెప్పరు. నేనూ చెప్పను. వాటిలో సగానికి పైగా కడిగింది మా పక్కింటి స్తమాతా అత్తే. పక్కన పళ్లెం పట్టుకునేది నేను.

స్తమాతా అంటే ‘ఇక ఆగు’ అని. రెండో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందని తండ్రి ఆ పేరు పెట్టాడు. మా దీవిలో ఇల్లు, పొలం, నగలు అన్నీ పెద్దకూతురివే. రెండోది అక్కింట్లో చాకిరీ చెయ్యాల్సిందే. అక్క అర్గిరో బల్ల దగ్గర తింటే ఈవిడ పొయ్యి దగ్గర తినేది. ఇరవై నాలుగో ఏట పడవవాడొకడు పెళ్లాడతానని వస్తే అర్గిరో గుమ్మంలోంచే తిప్పి పంపింది.

“ఆలివ్ కాయలు ఎవడేరతాడే, నీ మొగుడా?” అంది.

“నిన్ను మట్టి కూడా తినదు, చూస్కో!” అంది స్తమాతా.

మా దగ్గర ఇంతకు మించిన శాపం లేదు. మట్టిలో కలవని మనిషికి పైలోకంలోనూ చోటుండదంటారు. ఆ తర్వాత నలభై ఏళ్లు అత్త ఆ ఇంట్లోనే ఉంది. అక్క మంచాన పడితే మలమూత్రాలు ఎత్తిపోసిందీ ఆవిడే.

అర్గిరో పోయిన ఐదేళ్లకి ఎముకలు తీసి, కడిగి, ఆ తెల్లగదిలో పెడదామని ఆచారం ప్రకారం గొయ్యి తవ్వించాం. శరీరం కరగలేదు. అందరి చూపూ స్తమాతా మీదకే పోయింది.

“క్షమించానని మూడుసార్లు అనమ్మా, సరిపోతుంది,” అన్నాడు చర్చి గురువు.

“రేపంటాను,” అంది అత్త.

గోతులు తవ్వే మనోలిస్ మాత్రం, “శాపమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇక్కడంతా నీరూరుతోంది, తడిమట్టిలో శవం కరగదు,” అని గొణుక్కుంటూ ఎత్తు మీద పొడిచోట మళ్లీ పూడ్చాడు. వాడి మాట వినేదెవరు?

ప్రతి శనివారం, పోయినవాళ్ల పేర పంచే ఉడికించిన గోధుమలు పట్టుకుని అత్త ఆ సమాధి దగ్గరికి వెళ్లేది. కొళాయి దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా? “మహాతల్లి! తోడబుట్టినదాన్ని అక్కడా ఇక్కడా కాకుండా వేలాడదీసింది,” అనేవారు. నాకూ కోపమొచ్చేది. ఒక్క మాటకి అంత బెట్టు దేనికి?

“అనేశావా అత్తా?” అని అడిగేదాన్ని.

“నోటిదాకా వస్తోందే. బయటికి రావట్లేదు.”

రెండేళ్లకి మళ్లీ తవ్వితే ఎముకలు శుభ్రంగా, మైనంలా పచ్చగా ఉన్నాయి. ఆడవాళ్లంతా శిలువ గుర్తు వేసుకుని అత్త చేతులు ముద్దుపెట్టుకున్నారు. “ఎంత పెద్ద మనసమ్మా నీది! క్షమించేశావు!” అన్నారు. అత్త ఎముకలు కడిగే వైన్ తెమ్మని నాతో చెప్పి కూర్చుంది.

అందరూ వెళ్లాక నెమ్మదిగా అంది: “వాళ్లతో అనకే. నేను క్షమించలేదు. ఒక్కసారి కూడా అనలేదు.”

“పోనీలే అత్తా. ఎలాగైతేనేం, మీ అక్క గట్టెక్కింది.”

“గట్టెక్కిందిలే.”

అక్క పుర్రెని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఎన్ని సమాధుల దగ్గర చూశానో ఆవిడని, ఏడవగా చూడటం అదే మొదలు.

“ఆ ఇంట్లో నా మాట ఎప్పుడూ చెల్లలేదే. ఆ శాపమొక్కటీ చెల్లిందనుకున్నా. ఈ జన్మకి ఆ రెండేళ్లే నేను పెద్దకూతుర్ని.”