అయ్య పెట్టిన పాస్‌వర్డు

పలాసలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని కంపెనీల సర్వర్లకు తాళాలు వేయడం నా ఉద్యోగం. నల్లతెర మీద ఒక కమాండ్ కొడితే రెండు కీలు పుడతాయి. ఒకటి పదిమందికీ పంచేది. దాంతో ఎవరైనా నాకోసం ఫైలుకు తాళం వేయొచ్చు. రెండోది ఇల్లు దాటనిది. ఆ తాళం తీసేది అదొక్కటే. దానికి కాపలాగా ఒక పాస్‌వర్డు. కొత్త కీ పుట్టించినప్పుడల్లా నాకు మా అయ్యే గుర్తొస్తాడు. రహస్యం దాచడంలో ఆయన ముందు ఈ సాఫ్ట్‌వేర్లన్నీ బలాదూర్.

అయ్యది సముద్రం ఒడ్డున భావనపాడు, చేసేది చేపలవేట. సముద్రం అడుగున రాళ్లున్న చోటొకటి ఆయనకు తెలుసు. చేపలు అక్కడ చేరతాయి. నీళ్ల మీద బోర్డు పెట్టి ఉండదు కదా! పడవలోంచి ఒడ్డుకేసి చూస్తే ఒక తాటిచెట్టు, సరిగ్గా దాని వెనక ఒక కొండ. కాస్త పక్కకి చూస్తే అలాంటిదే ఇంకో జత. రెండు జతలూ ఒకేసారి కుదిరితే అదే ఆ చోటు. తాటిచెట్టు సంగతి చెప్పొచ్చు, అదిప్పుడు లేదు. మిగతావి చెప్పను, అడగకండి. ఆ గుర్తులు నేల మీద పలకకూడదని, సముద్రం మీదే కొడుక్కి చూపించాలని మా ఇంటి పట్టు. ఆడపిల్ల పడవెక్కకూడదని ఇంకో పట్టు. తమ్ముడు మీసాలు రాకముందే అన్నీ చూసొచ్చాడు. చేపల గంప మోయడానికి పనికొచ్చిన నేను గుర్తులకు పనికిరాలేదు. ఆ ఉక్రోషం చాలాకాలం ఉండేది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం ఉంది.

ఒకసారి తుఫాను వచ్చి జీడితోటల్నీ కొబ్బరితోటల్నీ పడుకోబెట్టి పోయింది. తాటిచెట్టు ఒరిగి నిలబడింది గాని, అయ్యకు భయం పట్టుకుంది. తమ్ముడి చేత ఆ చోటును ఫోను జీపీఎస్‌లో అంకెలుగా పట్టించి, వాణ్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

“అమ్మీ, ఇది ఎవడూ సూడకుండా దాయాల. నీ కంపూటర్ల ఎట్టీ.”

రెండు కీల సంగతి చెప్పాను. నవ్వాడు.

“తాళంకప్పలు ఊరంతా పంచీసి, సెవి మాత్రం నీకాడ ఎట్టుకుంతావా? బాగుందే!”

కీ తయారవుతున్నంతసేపూ మౌస్ కదపమంటుంది తెర. ఎంత అడ్డదిడ్డంగా కదిపితే అంత మంచిది. అది అయ్య చేతికిచ్చాను. తెడ్డు వేసినట్టు వేశాడు, బల్ల మీది టీ గ్లాసు కింద పడింది. పాస్‌వర్డు ఏం పెట్టమంటావని అడిగాను. తమ్ముణ్ని బయటికి పొమ్మని, నా చెవి దగ్గరకొచ్చి చెప్పాడు. ఆ గుర్తులే, వరసగా నాలుగూ. వాడికి తెలిసినవే అయినా గుట్టుగా దాచడం ఆయన అలవాటు.

నాకు నవ్వాగలేదు. “అయ్యా, గుర్తులు తెలిసినోడికి ఈ ఫైలెందుకు? తెలీనోడు దీన్నెలాగ తెరుత్తాడు?”

“నీకు తెలిసింది గదా. సాల్లే,” అన్నాడు.

తర్వాత అయ్య పోయాడు. ఆ తర్వాతి తుఫానుకు చెట్టూ పోయింది. తమ్ముడి ఫోను వల లాగుతుండగా నీళ్లలో పడింది. వేరే ఫోనులోంచి ఈ అక్కకు ఫోన్ చేశాడు.

“అప్పా, సెట్టు నేకపోతే కొండొక్కటీ ఏటి సెబుతాది? అయ్య సోటు దొరకట్నేదు.”

ఫైలూ కీ రెండూ నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. దాని తెర అప్పటికే కొడిగట్టిన దీపంలా ఉంది. కీని పెన్‌డ్రైవ్‌లోకి తీసే కమాండ్ కొట్టాను. పాస్‌వర్డు అడిగింది. కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే. లోకంలో అందరి కీలూ భద్రంగా చూసే దాన్ని, మా అయ్యది పోగొడుతున్నానా అని ఏడుపొచ్చింది.

మాటలన్నీ గుర్తున్నాయి, వరసే కుదరడం లేదు. అప్పుడు తట్టింది. నేను పలాసలో కూర్చుని నేల మీంచి చూస్తున్నాను. ఇటునుంచి కొండ ముందు, ఆ తర్వాతెక్కడో ఒడ్డున చెట్టు. అయ్య చెప్పింది పడవలోంచి చూసిన వరస. కళ్లు మూసుకుని, ఎన్నడూ ఎక్కని ఆ పడవలో అయ్య పక్కన కూర్చుని, ఒడ్డుకేసి తిరిగాను. ముందు చెట్టు, దాని వెనక కొండ. రెండో జత కూడా అలాగే కొట్టాను. కీ బయటికొచ్చింది, ఫైలు తెరుచుకుంది.

అంకెలు తమ్ముడికి చదివి వినిపించాను. మర్నాడు ఒడ్డుకి రాగానే ఫోన్ చేశాడు.

“ఉందప్పా, సోటు అక్కడే ఉంది,” అన్నాడు.

కొత్త ల్యాప్‌టాప్‌లోకి కీ ఎక్కించాక, మా వృత్తి ధర్మం ప్రకారం పాస్‌వర్డు మార్చాలి. మార్చే కమాండ్ కొట్టి, కొత్తది అడుగుతున్న తెరను చాలాసేపు చూశాను. మార్చలేదు. నన్ను పడవెక్కనివ్వని అయ్య, నేల మీద, కూతురి చెవిలో చెప్పిన ఒకే ఒక్క సముద్రం మాట అది.