మైసమ్మ పొట్టేలు, వీరలక్ష్మి దూది

నా భార్య వీరలక్ష్మి పోయాక ఆమె గురించి అడిగినవాళ్లకు నేను ముందుగా చెప్పేది మాదాపూర్ పొట్టేలు సంగతే.

డెబ్బై నాలుగులో ఆమె నగరంలో ఒక దవాఖానా ప్రయోగశాలలో పనిచేసేది. రోగి నెత్తుటిలోని తెల్లకణాలను గొర్రె ఎర్రకణాలతో కలిపితే, కొన్నిటి చుట్టూ ఎర్రకణాలు పూరేకుల్లా అతుక్కుంటాయి. అలా పువ్వైనవి టీ కణాలు, ఒంట్లో రోగంతో పోరాడేవి. అవి రోగాన్ని ఏ కొక్కెంతో గుర్తుపడతాయో, ఆ కొక్కేన్ని అల్లే జన్యువు ఏయే ముక్కలు అతుక్కుని తయారవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ముందు ఆ పువ్వుల లెక్క సరిగా ఉండాలనేది వీరలక్ష్మి. అందుకే గొర్రె నెత్తురు ఎప్పుడూ ఒకే జీవానిది కావాలి. మాదాపూర్ గుట్టల్లో గొర్రెలు మేపే బుచ్చమ్మ మందలోని నల్ల పొట్టేలు అది. సూది గుచ్చేముందు వీరలక్ష్మి దాని మెడ తడి దూదితో తుడిచి, కదలకుండా నిలబడేదాకా నిమిరేది.

చికిత్స ముగిసిన రోగుల పరీక్షలు ఇంకా మిగిలి ఉండగానే ఆషాఢం బోనాల పండుగ వచ్చింది. పొట్టేలును గ్రామదేవత మైసమ్మకు కోస్తున్నారని తెలిసి, నా స్కూటర్ మీద హుటాహుటిన వెళ్లాం.

"ఒక్క నెల ఆగండి అక్కా. వేరేదాని నెత్తురైతే పాత లెక్కలతో పోల్చడానికి ఉండదండి," అంది వీరలక్ష్మి.

"మందల గన్ని ఉంటే నీకు గిదే గావల్నా?" అంది బుచ్చమ్మ. "పోరనికి జరమొస్తె తల్లికి దీన్నే మొక్కిన."

"అమ్మవారే వద్దంటే?"

బుచ్చమ్మ భర్త రాజయ్య నవ్వాడు. "తల్లి గూడ నీ దవాఖాన్ల నౌకరి జేస్తుందా ఏంది?"

పసుపునీళ్లు చల్లితే పొట్టేలు ఒళ్లు విదిలించాలి. అప్పుడే తల్లి ఒప్పుకున్నట్టు. రాజయ్య మెడ మీద చల్లాడు. అది కదల్లేదు. మళ్లీ చల్లాడు. మెడ చాచి, రాయిలా నిలబడింది.

"తల్లి వద్దంటుంది," అన్నారెవరో.

వీరలక్ష్మి అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"కాదక్కా. తడి తగిలితే కదలకుండా ఉండటం దానికి నేనే అలవాటు చేశాను. నా దూది అనుకుంటోంది."

బుచ్చమ్మ పొట్టేలు మెడ మీది పసుపునీళ్లు కొంగుతో తుడిచింది.

"నువ్వు నేర్పినవో, నీతోని తల్లే నేర్పించిందో! ఒళ్లు ఇదల్చనిదాన్ని మేం కొయ్యం. ఇంకోదాన్ని తెండి."

వారం తిరక్కుండా నెత్తురు కోసం మళ్లీ వెళ్లాం. ఈసారి బుచ్చమ్మే కొమ్ములు పట్టుకుంది.

"జర కదలకు బిడ్డా," అంది పొట్టేలుతో.

వీరలక్ష్మి దూది తడిపింది.