రాకపోతే ఏం చేస్తావు

మా కంపెనీకి స్పెయిన్ సారు వచ్చాక నేను ఫోన్లో స్పానిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. సెప్టెంబరులో నా కాంట్రాక్టు అయిపోతుంది. అది పొడిగిస్తేనే వీసా, వీసా ఉంటేనే ఇక్కడ గల్ఫ్‌లో, వాదీ కబీర్ పేటలోని ఇండియన్ స్కూల్లో మా పాప టెన్త్. కర్త సారు, కర్మ నాది, కనీసం క్రియ అయినా నా చేతిలో ఉండనీ అనుకున్నాను.

ఆ క్రియ కూడా మాట వినే రకం కాదు. ‘వస్తాడు’ అని గట్టిగా చెబితే ‘వియెనె’. రావాలని కోరుకున్నా, వస్తాడా అని అనుమానపడ్డా, దయచేసి రండి అని పిలిచినా ‘వెంగ’. కోరికలూ మర్యాదలూ తొందరగానే ఒంటబట్టాయి. గల్ఫ్‌లో ఇన్నేళ్లుగా నేను చేస్తున్నది ఆ రెండే. అనుమానాల పాఠం దగ్గర బండి ఆగింది. ‘మా పాప ఇక్కడ చదవగలదని నాకు నమ్మకం లేదు’ అని ఒక వాక్యం కట్టి, అర్థంతో సహా పైకి చదువుతుంటే మా ఆవిడ ఫోన్ లాక్కుంది.

"దీపాలు పెట్టే యాళ్ల గదేం మాట? తథాస్తు దేవతలు తిరుగుతుంటరు."

దేవతలకు స్పానిష్ రాదన్నాను.

"నీకు మాత్రం వచ్చా?"

సారు పిలిచిన రోజు, మేమిక్కడే ఉండాలని కోరుకుంటున్నానని ఆయన భాషలోనే తప్పు లేకుండా చెప్పాను. ముచ్చటపడ్డాడు. కుర్చీ చూపించి, ఇంగ్లిష్‌లోకి దిగి, నిదానంగా అడిగాడు.

"పొడిగింపు ఒక్కరికే ఉంది. నీకు రాకపోతే ఏం చేస్తావు?"

పాప చదువు ఏడాది మధ్యలో ఆగిపోతుందని చెప్పాలి. గొంతుదాకా వచ్చింది. కానీ జరగకూడనిదాన్ని నోటితో అనకూడదని చిన్నప్పటి నుంచీ మూతి మీద కొట్టి మరీ నేర్పారు నాకు.

"నో ప్రాబ్లం సార్" అన్నాను.

ఆయన ముఖం తేలికపడింది. శుభసూచకమనుకున్నాను.

ఆ ఒక్కటీ పక్క టేబుల్ కేరళ ఆయనకు వెళ్లింది. అతను అదే కుర్చీలో కూర్చుని తన కష్టాలన్నీ వరసగా చెప్పుకున్నాడట. మళ్లీ సారు దగ్గరికి పోయి పాప సంగతి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. "నువ్వే కదా ఇబ్బంది లేదన్నావు. అందుకే నీ గురించి దిగులు పెట్టుకోలేదు. ఇప్పుడు నా చేతిలో లేదు."

మా ఆవిడకు ఫోన్లోనే చెప్పేశాను. ఇంటికి వెళ్లేసరికి పాప టెన్త్ పుస్తకాలకు అట్టలు వేస్తోంది.

"డాడీ, పరీక్షలు ఇక్కడనే రాస్త కదా?"

నేను మా ఆవిడ వైపు చూశాను.

"అట్ల అడగద్దు బిడ్డా" అంది ఆమె, ఇంకో అట్ట చింపి అందిస్తూ.