ఫ్లాష్ లేకుంట రాత్రి ఫోటోలు తీసిన మా కాక

మా కాక పోయిండు. నెల దాటింది. పొద్దుగాల డ్యూటీ బస్సు అచ్చి హారన్ కొడుతుంటె లేవలే. ఎప్పుడు అందరికంటె ముందు లేసేటోడు. కాలు పట్టి ఊపిన. సల్లగుంది. ఏసీకి సల్లగైందేమో అనుకున్న. గుండె ఆగిందని డాక్టరు చెప్పిండట. నాకు ఎవ్వలు చెప్పలే, తలుపు కాడ నిలవడి విన్న.

మీకందరికి కాక ఎరికనే. హిద్‌ల మన లేబర్ క్యాంపోళ్లకు, జిదాఫ్స్ కెళ్లి శుక్రారం అచ్చేటోళ్లకు, కర్జకాన్ తోటలల్ల పనిచేసేటోళ్లకు గూడ. మీ ఇండ్లకు పోయిన రాత్రి ఫోటోలు చానా వరకు కాక తీసినయే. వెనక ఓడల లైట్లు, ముంగట మీరు నవ్వుకుంట. అందుకే మీకు రాస్తున్న. నలుగురిల నిలవడి చెప్పుమంటె నాకు నోరు రాదు. మూడో తరగతిల బడి బంజేసిన. తప్పులుంటె ఏమనుకోకుండ్రి.

సొంత కాక కాదు. పక్క ఊరోడు, మా నాయినకు తమ్ముని వరుస. ఈ అరబ్బు దేశంల ఓడలు రిపేరు చేసేకాడ పని ఆయనది. ఆడ ఇంజినీరు సారు ఓడ ఏడ పగిలింది, ఏడ తుప్పు పట్టింది అని ఫోటోలు తీస్తుంటె కాక టార్చి పట్టేది. రీలు లేని కెమెరా అది. ఫోటోలు ఫ్లాపీల పడుతయి, గదే కంప్యూటర్ల పెట్టే నల్ల బిళ్ల. కెమెరా ఇటుకంత ఉంటది. దాని ఫ్లాష్ కరాబైంది. సారు కొత్తది తెచ్చుకొని, పాతది "నువ్వే ఉంచుకో భాయ్" అని కాక చేతుల పెట్టిండు.

రూముల అందరు నవ్విన్రు. "పగలంత డ్యూటీనాయె. ఫ్లాష్ లేంది రాత్రి ఏం తీస్తవే?" అన్నడు వంట చేసే అన్న.

"ఫ్లాష్ కొడితె నీ మొఖం సున్నమేసిన గోడ లెక్క పడ్తది. వెనక అంత నలుపు. దుబాయి పోయినవా బాయిల పడ్డవా అని అడుగుతది నీ పెండ్లాం" అన్నడు కాక. "వెలుగు మన కాడికి రాకుంటె మనమే వెలుగు కాడికి పోవాలె."

అట్లనే పోయేది. కిరాణా దుకాణం ట్యూబులైటు ముంగట మనిషిని నిలవెట్టేది. లైటు సక్కగ నెత్తి మీదుంటె కండ్లకాడ గుంతలు పడ్తయని ఒక్క అడుగు ఎనకకు జరిపేది. వీధి లైటు ఈపు ఎనక ఉంటె మొఖం మాడినట్టు పడ్తదని తిప్పి నిలవెట్టేది. ముదురు రంగు అంగి ఏసుకొస్తె ఇప్పిచ్చి, తన తెల్లంగి ఇచ్చేది. మీ ఫోటోలు తీసి చూడుండ్రి. సగం మంది మీద ఒక్కటే అంగి ఉంటది. కాకది.

కెమెరా చేతుల పట్టి తియ్యకపోయేది. పాత లుంగి గుడ్డతోటి చిన్న సంచి కుట్టి అండ్ల బియ్యం పోసిండు. డ్రమ్ము మీదనో గోడ మీదనో ఆ సంచి పెట్టి, దాని మీద కెమెరా కూసోవెట్టేది. బియ్యం అటిటు జరిగి కెమెరా కదలకుంట కూసుంటది. "చీకట్ల ఇది నిమ్మలంగ చూస్తదిరా. తొందర పెట్టొద్దు. అది చూసేటప్పుడు ఇంతంత కదిలినా మనిషి పొగ లెక్క పడ్తడు" అనేది. బటన్ ఒత్తినా కదులుతదని టైమర్ పెట్టి చేతులు ఎనకకు కట్టుకునేది. ఒకపారి బియ్యం తక్కువ పడితె వంటన్న అరిసిండు, "ఓ ఫోటోల కాక, నీ కెమెరా పరుపు ఇటియ్యి, అన్నం వండుత!"

ఎండకాలంల నేను ఏసీ రూములకెళ్లి కెమెరా తెచ్చి బయట పెట్టంగనే అద్దం మీద తడి పట్టింది. అంగి కొసతోటి తుడిసిన. మళ్ల పట్టింది. మళ్ల తుడిసిన. కాక తిట్టలే. నా చేయి పట్టి ఆపిండు. "బయట ఉక్క, లోపల సలి. దానికి గూడ చెమట పడ్తది. ముందుగాల్నే తెచ్చి వంట రూముల పెట్టు. పావుగంట ఓపిక పట్టు. తుడిస్తె గీతలు పడ్తయి." గప్పటిసంది నేను రాత్రి తీసే రోజు కెమెరాను ఉల్లిగడ్డల గంప పక్కన పెడుతుంటి.

ఫోటో పడేదాక మనిషి ఊపిరి బిగవట్టాలె. కదలొద్దని చెప్పే పని కాక నాకు పెట్టిండు. కావాల్ననే పెట్టిండు. నేను "కదలకుండ్రి అన్న" అని నోట్లెనే అంటుంటి.

"ఎవలికి చెప్తున్నవురా, నీకు నువ్వే చెప్పుకుంటున్నవా?" అనేది కాక. అందరు నవ్వేది. నాకు చెవులు వేడెక్కేవి. ఒకనాడు కోపమచ్చి గట్టిగ ఒర్రిన. తొవ్వల పోయే పఠాన్ ఒకాయన సైకిలు ఆపి రెండు చేతులు లేపి నిలవడ్డడు. కాక పొట్ట పట్టుకొని నవ్విండు. "గిదిరా గొంతు! ఇన్నొద్దులు యాడ దాసుకున్నవు?"

కాక తనది మాత్రం తీసుకోలే. కాకకు ఐదేండ్ల బిడ్డ. ఆ పిల్ల కడుపుల ఉన్నప్పుడు ఇటొచ్చిండు. వీసా ఇచ్చిన మొదటి కఫీల్ సేటు కాడికెళ్లి బయటపడ్డంక పాస్‌పోర్టు, అండ్లున్న ఒక్క ఫోటో గూడ, ఆడనే ఉండిపోయినయి. ఇంటికి పోనీకె రాలే. పెండ్లికి గూడ ఫోటోలు తియ్యలేదట. ఫోన్ల పిల్ల అడిగేది, "నాయినా, నువ్వెట్లుంటవు?" అని. "మీ అమ్మ లెక్కనే ఉంట, మీసాలు ఎక్కువ" అనేది కాక. ఫోన్ పెట్టినంక గోడ దిక్కు తిరిగి పండుకునేది.

"టైమర్ ఉంది గదా కాకా, తీసుకోరాదు" అన్న ఒకనాడు.

"ఎవలు లేని కెమెరాను చూసి ఎట్ల నవ్వుతరురా. నువ్వు నేర్చుకో, నువ్వు తియ్యి. గప్పటిదాక దవడలు గూడ జర నిండుతయి. గిట్ల చూస్తె బిడ్డ భయపడ్తది."

తీసిన. హిద్ ఒడ్డు కాడ చాపల పడవ ఒకటి బోర్లేసి ఉంటె దాని మీద కూసోవెట్టిన. మొదటి రెండు కరాబైనయి. కాక మీసం సరిచేసుకుంటుండె, పెద్దమనిషికి కదలకు అని ఎట్ల చెప్పాలె? మూడోసారి కండ్లు మూసుకొని చెప్పిన, "కాకా, కదలకు." కాక కదలలే. నవ్వు మాత్రం ఆగలే. పడ్డది. ఎనక నీళ్లల్ల లైట్లు, ముంగట కాక. మీసంల తెల్ల ఎంటికలు గూడ కనవడ్డయి. కెమెరా ఎనక చిన్న తెరల చానాసేపు చూసుకున్నడు. "గింత ముసలోన్నైన్నారా" అన్నడు. జరాగి, "నా కన్న మంచిగ తీసినవ్ బిడ్డా" అన్నడు. నన్ను గట్ల ఎవ్వలు అనలే, గప్పటిదాక.

మా రూముల ఒకన్న శుక్రారం ఇంటికి పోతుండె. జిదాఫ్స్‌ల ఫోటో తీసిచ్చే కంప్యూటర్ దుకాణపాయన వాళ్ల దేశం పోయిండు. ఊరి దిక్కు పట్నంల తీపిచ్చుకుంటరులే అని కాక ఫ్లాపీయే పంపుదామన్నడు. డ్యూటీకి పోవుకుంట నా చేతుల పెట్టిండు. "వంగొద్దు, తడవొద్దు, మ్యాగ్నెట్ దగ్గరికి పోనియ్యొద్దు. అన్న సామాన్ల మంచిగ పెట్టు."

రూమోళ్లు భయం పెట్టిన్రు. బొంబాయిల కస్టమ్సోళ్లు ఫ్లాపీ చూస్తె అండ్ల ఏముందో అని గుంజుకుంటరట. అన్న ఇంటికి తీస్కపోయే టేపు రికార్డరు ఉండె. ఎనక స్క్రూలు ఇప్పిన. ఫ్లాపీని ప్లాస్టిక్ కవర్ల సుట్టి స్పీకరు ఎనక పెట్టిన. ఇంక అంటిచ్చే టేపు ఎయ్యకముందే దానంతటదే అంటుకుంది. ఎంత మంచిగ ఆగింది, ఎవ్వలకు దొరకదు అని సంబురపడ్డ. స్పీకరుల మ్యాగ్నెట్ ఉంటదని నాకు ఎరికలే. మ్యాగ్నెట్ అంటె బడిల ఎర్రగ రంగేసి ఉంటదే, గదే అనుకున్న.

ఆ అన్న బయలెల్లిన పదహారు రోజులకు కాక పోయిండు. ఫ్లాపీ ముట్టింది, నాట్లైనంక పట్నం పోయి చూస్తం అని చిన్నమ్మ, అంటె కాక భార్య, ఫోన్ల చెప్పింది. కాక దాన్నే పట్టుకొని అందరికి చెప్పుకున్నడు, నా ఫోటో ఇంటికి ముట్టిందని. అట్లనే అనుకుంట పోయిండు. అది మంచిదే గదా అని మీరంటరు. నాకు అట్ల అనిపిస్తలేదు.

కాక శవం పెట్టె ఊరికి పోవుడు లేటైంది. ఊర్ల పెద్దోళ్లు పిల్లను దగ్గరికి రానియ్యలేదట. మొఖం చూపియ్యొద్దన్నరట. అదైనంక చిన్నమ్మ ఫ్లాపీ పట్టుకొని పట్నం పోయింది. రెండు దుకాణాలు తిరిగింది. దీంట్ల ఏం లేదమ్మ అన్నరు. జిదాఫ్స్ దుకాణపాయన తిరిగొచ్చినంక పోయి అడిగిన, పోయిన ఫోటోను మళ్ల రప్పియ్యరాదా అని. ఏడ పెట్టినవని అడిగిండు. చెప్పిన. తల పట్టుకున్నడు. మ్యాగ్నెట్ తగిలితె ఫ్లాపీల ఉన్నయన్ని తుడుసుకపోతయట. "స్పీకర్ కే పీఛే? ఖలాస్ భాయ్. ఖలాస్."

మీతోటి ఒక్క పని. మీ ఇండ్లల్ల ఉన్న ఫోటోలు అన్ని తీసి చూపియ్యుమనుండ్రి. మూలకు ఏడన్న కాక పడ్డడా. దుకాణం అద్దంల, కారు అద్దంల. నా కాడున్నయి అన్ని చూసిన. ఒకదాంట్ల నేల మీద ఆయన నీడ ఉంది, చేతులు ఎనకకు కట్టుకొని. మొఖం లేదు. ఉండదని నాకు ఎరికనే. ఎప్పుడు కెమెరా ఎనకనే ఉండె. అయినా చూడుండ్రి.

మొన్న శుక్రారం చిన్నమ్మకు ఫోన్ చేసిన. తప్పు నాదే అని చెప్పనీకె. చెప్పిన. ఆమె తిట్టలే. తిడితె బాగుండు. "నువ్వు చిన్నపోరనివి" అన్నది. దినాలకు పెట్టనీకె ఫోటో లేకపాయె, ఆ నల్ల ఫ్లాపీకే బొట్టు పెట్టి గోడకు ఆనిచ్చిన్రట. పిల్ల ఊకె తీసుకుంటదట. నాయిన దీంట్లనే ఉన్నడని ఎవలో చెప్పిన్రట.

"గిప్పుడు గూడ పట్టుకొనే అచ్చింది" అన్నది చిన్నమ్మ. ఫ్లాపీకి పైన ఇనుప రేకు ఉంటది గదా, దాన్ని గోరుతోటి పక్కకు జరిపి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తదట. ఇడిసిపెడితె ఆ రేకు మూసుకుంటది. ఫోన్ల నాకు ఇనవడ్డది. టక్. జరాగి, మళ్ల టక్.